షెడ్డు మూతపడింది... పొయ్యి ఆరలేదు!

నెల్లూరు నుంచి విజయవాడ వైపు రైల్లో వెళ్ళేవాళ్ళు బిట్రగుంట స్టేషన్‌ని చూసే ఉంటారు. కావలి ఇంకాసేపట్లో వస్తుందనగా తగులుతుంది. ఊరు చూస్తే చిన్నది. రైల్వే స్థలం చూస్తే కళ్ళు తిరిగేంత! ఇంత చిన్న ఊరికి ఇంత జాగా ఎందుకబ్బా అని కొత్తవాళ్ళకి అనుమానం వస్తుంది. పాతవాళ్ళని అడిగితే ఒకటే మాట చెబుతారు... "ఇక్కడ షెడ్డు ఉండేదమ్మా!"

షెడ్డు అంటే లోకో షెడ్డు. బొగ్గు ఇంజిన్లు నిలబడే చోటు. ఆ షెడ్డు గురించి మగవాళ్ళని కదిలిస్తే ఇంజిన్ల నంబర్లతో సహా చెప్పేస్తారు. ఆడవాళ్ళని మాత్రం ఎవరూ అడగరు. నేను అడిగితే వాళ్ళు కూడా, "మాకేం తెలుసమ్మా, మేం షెడ్డు లోపలికి పోతిమా ఏందీ?" అనేశారు. కాఫీ తాగి, వక్కపొడి వేసుకుని, ఇంకో అరగంట కూర్చున్నాక మాటలు మొదలయ్యాయి. సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాకా ఆగలేదు!

పేర్లు వేయొద్దన్నారు. అందుకని వేయడంలేదు. మాటలు మాత్రం వాళ్ళవే.

సగం దారిలో పుట్టిన ఊరు

విజయవాడ నుంచి మద్రాసుకి సుమారు 430 కిలోమీటర్లు. అందులో దాదాపు సగం దూరంలో ఉంటుంది బిట్రగుంట. ఈ ఊరికి దక్కిన అదృష్టమంతా ఆ సగం దూరంలోనే ఉంది.

గూడూరు, విజయవాడల మధ్య రైలు మార్గం 1899లో వచ్చింది. తర్వాత మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1951 నుంచి సదరన్ రైల్వే, 1966 అక్టోబరు 2 నుంచి సౌత్ సెంట్రల్ రైల్వే... బోర్డుల మీద పేర్లు మారుతూ వచ్చాయి. ఇంజిన్ మాత్రం బొగ్గుదే.

బొగ్గు ఇంజిన్ మనిషిలాంటిది. తిండి కావాలి, నీళ్ళు కావాలి, విశ్రాంతి కావాలి. మెయిళ్ళూ ఎక్స్‌ప్రెస్సులూ లాగే డబ్ల్యూపీ ఇంజిన్ వెనకాల పదిహేను టన్నుల దాకా బొగ్గు, అయిదు వేల గ్యాలన్లకు పైగా నీళ్ళు మోసుకుపోయేది. అంత మోసినా ఎంతో దూరం పోలేదు. దారిలో నీళ్ళు పట్టాలి. ప్రయాణం కాగానే బూడిద దులపాలి, చక్రాలకీ కడ్డీలకీ నూనె పెట్టాలి. రోజులు లెక్కబెట్టి బాయిలరు కడగాలి, లేకపోతే లోపల పెచ్చు కట్టేస్తుంది. చల్లారిన ఇంజిన్‌ని మళ్ళీ వెలిగించి ఆవిరి పుట్టించడానికి గంటల తరబడి పట్టేది.

ఇంజిన్‌తోపాటు మనుషులూ అలిసిపోతారు కదా! డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు దిగిపోయి ఇంకో జట్టు ఎక్కాలి. అందుకే సగం దారిలో షెడ్డు. షెడ్డు ఉంది కాబట్టి ఫిట్టర్లు, బాయిలర్ మేకర్లు, క్లీనర్లు, ఖలాసీలు. వాళ్ళకోసం క్వార్టర్లు, ఆసుపత్రి, బడి, ఇన్‌స్టిట్యూట్. వాళ్ళని నమ్ముకుని బజారు. ఇదీ బిట్రగుంట కథ.

కాల్‌బాయ్ వచ్చాడంటే...

"పగలని లేదు రాత్రని లేదు. కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. చేతిలో కాల్ బుక్కు. ఈయన లేచి సంతకం పెట్టేవాడు. సంతకం పెట్టింది ఈయన, నిద్ర చెడింది నాకు!" అని నవ్వింది ఒకావిడ. డ్రైవరుగారి భార్య. 1965లో పెళ్ళయి కాపురానికి వచ్చిందట. ఇప్పుడు ఎనభై దాటాయి.

డ్యూటీకి పిలుపు వచ్చాక మొగుడు తయారయ్యేలోపు క్యారియర్ కట్టాలి. గ్యాసు పొయ్యిలు లేని రోజులు. బొగ్గుల కుంపటి రాజేసి, అన్నం వార్చి, ఏదో ఒక కూర చెయ్యాలి. అదీ ఎలాంటి కూర? మర్నాటికి కూడా పాచిపోకుండా నిలవుండేది.

"పప్పు పెడితే సాయంత్రానికి వాసనొచ్చేది. అందుకని పులిహోర, చింతకాయ పచ్చడి, వేపుడు. చేపల పులుసైతే రెండో రోజుకి ఇంకా బాగుంటది కదా, అది పెట్టేదాన్ని. మా ఆయన బొగ్గు ఎగదోసే పార మీదే క్యారియర్ గిన్నె పెట్టి ఫైర్‌బాక్సు దగ్గర వేడి చేసుకునేవోడంట. కోడిగుడ్డు కూడా ఆ పార మీదే వేసుకునేవోళ్ళంట! ఇంటికొచ్చి, నీ పెనం కంటే మా పారే మేలని ఎక్కిరించేవోడు."

వెళ్ళిన మనిషి ఎప్పుడొస్తాడో లెక్క లేదు. పన్నెండు గంటలు, పద్నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ముందు గూడ్సు ఆగిపోతే వెనకది ఆగాలి. సిగ్నల్ దగ్గర గంటలు గంటలు పడిగాపులు. ఇంట్లో ఫోన్లు ఎక్కడివి? పక్కింటి ఫైర్‌మన్ దిగి వస్తే, "మా వాళ్ళు ఎక్కడున్నారన్నా?" అని గోడ మీద నుంచి అడగడమే!

వచ్చాక ఇంకో పని. నీలం యూనిఫాం నిండా నూనె, మసి. మామూలు సబ్బుకి వదలదు. ముందు కిరసనాయిలుతో తుడిచి, సోడా వేసి ఉడకబెట్టి, 501 బార్ సబ్బుతో బండకేసి బాదాలి. "ఆయన ఉమ్మినా నల్లగానే ఉండేది, దగ్గినా నల్లగానే ఉండేది. దిండు గలేబు రోజూ మార్చేదాన్ని. మీ ఇంట్లో తెల్ల దుప్పట్లే లేవా అని మా పుట్టింటోళ్ళు అడిగినారు ఒకసారి. తెల్లవి కొనడమే మానుకున్నాం పాపా!"

ఈ మాటల్లో ఫిర్యాదు ఏమీ లేదు. చెబుతూ చెబుతూ ఆమె తన అరచేతులు చూసుకుంది. అంతే.

తట్ట మోసిన చేతులు

డ్రైవరు భార్యకి కనీసం క్వార్టరు ఉంది, పాసు ఉంది. ఆ రెండూ లేనివాళ్ళు ఇంకొందరు ఉన్నారు.

బొగ్గు ఇంజిన్ల కాలంలో మన దేశంలో చాలా షెడ్లలో బొగ్గు ఎత్తడం, బూడిద తీయడం కాంట్రాక్టు పనులు. వాటిలో ఆడకూలీలు ఎక్కువమంది ఉండేవారు. తలమీద చుట్ట, దానిమీద తట్ట, తట్టలో బొగ్గు.

అలా పనిచేసిన ఓ అవ్వ దగ్గర కూర్చున్నాను. చుట్టుపక్కల పల్లె. షెడ్డుకి నడిచి వచ్చేదట. "బూడిద గుంటలో దిగితే కాళ్ళు చుర్రుమనేవి. పైన నీళ్ళు జల్లేవోళ్ళు, లోపల నిప్పు ఉండేది. చెప్పులు యాడివి మాకు? గోనెపట్ట చుట్టుకునేదాన్ని. నా పెద్దకొడుకుని చెట్టుకింద ఉయ్యాల కట్టి పండబెట్టి పనికి దిగేదాన్ని. ఇంజిన్ కూత కూసినా వాడు లేచేవోడు కాదు. ఊళ్ళోకి పోతే కోడి కూస్తే లేచేవోడు!"

సగం కాలి బూడిదలో పడ్డ బొగ్గు ముక్కల్ని ఏరుకుని ఇంటికి తెచ్చుకోవడం ఆ కూలీలకి అదనపు రాబడి. అవి అమ్మితే ఉప్పూ మిరపకాయలూ వచ్చేవి. కాలనీలో ఎన్నో కుంపట్లు ఆ బొగ్గుతోనే వెలిగేవట.

రిజిస్టరులో ఆమె పేరు ఉందా అని అడిగాను. "మేస్త్రీ దగ్గర ఉండేదేమో. నాకు చదువొస్తే గదా చూసేదానికి" అంది.

జీతాల రోజు తిరనాళ్ళే!

కొండబిట్రగుంట ప్రసన్న వెంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలు ఏడాదికోసారి. బిట్రగుంట బజారుకి మాత్రం నెలకో పండగ. అదే జీతాల రోజు.

నెల్లూరు నుంచి చీరల మూటలవాళ్ళు దిగేవారు. స్టీలు సామానువాళ్ళు, గాజులవాళ్ళు, వాయిదాల మీద ఇచ్చేవాళ్ళు అందరూ కాలనీలో వరసగా తిరిగేవారు. కిరాణా కొట్లో ప్రతి క్వార్టరుకీ ఒక పద్దు పుస్తకం. నెలంతా సరుకులు తెచ్చుకోవడం, జీతం రాగానే కట్టేయడం. "షెడ్డు ఉద్యోగి అంటే మాకు బ్యాంకు కింద లెక్క. ఎప్పుడిస్తావని అడిగే పనే లేదు" అన్నారు ఒకప్పుడు భర్తతోపాటు కొట్లో కూర్చున్న ఒకామె.

తెల్లారుజామున డ్యూటీ దిగేవాళ్ళ కోసం ఇడ్లీలు వేసిన ఆమె, పాలు పోసిన ఆమె, యూనిఫాంలు ఉతికి ఇస్త్రీ చేసిన చాకలి కుటుంబం, కుట్టుమిషన్ పెట్టుకుని కాలనీ పిల్లలందరికీ గౌన్లు కుట్టిన ఫిట్టరుగారి భార్య... వీళ్ళెవరికీ రైల్వే జీతం ఇవ్వలేదు. కానీ వీళ్ళందరూ షెడ్డు టైముకే నిద్ర లేచారు.

కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కూడా ఉండేవి. "పక్కింటి దొరసాని అనేవాళ్ళం. దొరసాని ఏముంది, మాలాగే డ్రైవరు పెళ్ళాం! క్రిస్మస్‌కి కేకు పంపేది. సంక్రాంతికి నేను అరిసెలు పంపేదాన్ని. అరిసెకి పాకం ఎట్టా పట్టాలో నా దగ్గర నేర్చుకుంది. ఇసక పోసిన గిన్నెలో కేకు ఎట్టా కాల్చాలో నాకు నేర్పింది" అని గుర్తు చేసుకుంది కుట్టుమిషనావిడ. ఆ కుటుంబం ఆ తర్వాత విదేశానికి వెళ్ళిపోయిందట. కేకు మాత్రం ఇప్పటికీ ఈవిడ మనవలకి అందుతూనే ఉంది.

ఆ ఇరవై రోజులు

డ్రైవర్లూ ఫైర్‌మన్లూ 1973 ఆగస్టులో దేశమంతటా సమ్మె చేశారు. రోజుకి పది గంటలకు మించి డ్యూటీ ఉండకూడదన్నది వాళ్ళ ముఖ్యమైన కోరిక. ప్రభుత్వం ఒప్పుకుంది. మరుసటి ఏడాది 1974 మే 8న మొత్తం రైల్వే సమ్మె మొదలైంది. జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో ఇరవై రోజులు సాగింది. దేశమంతటా వేలమందిని అరెస్టు చేశారు. చాలా రైల్వే కాలనీల్లో క్వార్టర్లు ఖాళీ చేయమని ఒత్తిడి తెచ్చారు.

పది గంటల డ్యూటీ అనేది పత్రికల్లో మగవాళ్ళ కోరికగానే వచ్చింది. కానీ ఆ డ్రైవరు భార్య ఏమందో వినండి. "పది గంటలైతే ఆయన ఎప్పుడొస్తాడో నాకు తెలుస్తది కదా! ఎప్పుడు వండాలో తెలుస్తది. ఆ సమ్మె నాది కూడా."

సమ్మె రోజుల్లో మగవాళ్ళు ఇళ్ళల్లో లేరు. పోలీసులు వస్తే ఆడవాళ్ళే తలుపు తీశారు. "మీ ఆయన ఎక్కడ?" అంటే, "డ్యూటీకి పోయినాడు" అనేవారట. సమ్మెలో డ్యూటీ ఏమిటని వాళ్ళకీ నవ్వొచ్చేదట! కొట్టు పద్దులు ఆ నెల పెరిగాయి. షావుకారు భార్య అడగలేదు. పిల్లలకి పాలు ఆపకుండా పోసింది పాలామె.

కరెంటు తీగలు వచ్చాయి

1980-81లో ఈ మార్గం మీదకి కరెంటు తీగలు వచ్చాయి. చూడ్డానికి ఊరంతా కదిలి వెళ్ళిందట. పొగ లేదు, మసి లేదు. విజయవాడలో బయల్దేరిన ఇంజిన్ మద్రాసు దాకా ఆగకుండా పోతుంది. బొగ్గక్కర్లేదు, నీళ్ళక్కర్లేదు, బూడిద దులపక్కర్లేదు.

సగం దారిలో ఆగాల్సిన పనే లేదు!

అదీ దెబ్బ. ఇంజిన్ ఆగకపోతే షెడ్డెందుకు? బొగ్గు ఇంజిన్లు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. 1995 డిసెంబరులో దేశంలో బ్రాడ్‌గేజి మీద మామూలు సర్వీసు నడిపిన చివరి బొగ్గు ఇంజిన్ కూడా ఆగిపోయింది. బిట్రగుంట షెడ్డు కాలం కూడా అలాగే ముగిసింది.

మగవాళ్ళకి బదిలీ ఆర్డర్లు వచ్చాయి. కొందరు కరెంటు ఇంజిన్ ట్రైనింగుకి వెళ్ళారు. కొందరు విజయవాడ, కొందరు గూడూరు. ఉద్యోగం పోలేదు, జీతం ఆగలేదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. డ్రైవరుగారికైతే మసి బాధ తప్పింది, దగ్గు తగ్గింది. ఆయన భార్య ఆ మార్పుని ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టి తలుచుకుంటుంది.

మరి ఇడ్లీలామెకి బదిలీ ఆర్డరు ఎవరిస్తారు? చాకలి కుటుంబానికి? కిరాణా కొట్టుకి? తట్ట మోసిన అవ్వకి?

"ఒక్కో క్వార్టరు తాళం పడుతుంటే నా పుస్తకంలో ఒక్కో పేజీ కొట్టేసుకుంటా పోయినాం. పోయేవోళ్ళు పద్దు కట్టేసే పోయినారమ్మా, అబద్ధం చెప్పకూడదు. కానీ కొత్త పేజీ రాసేదానికి మనిషి లేడు" అన్నారు కొట్టామె. ఇడ్లీలామె కావలి వెళ్ళి హోటల్లో పనికి కుదిరిందట. తట్ట మోసిన అవ్వ వరి నాట్లకి పోయింది. మోకాళ్ళు వంగని రోజు వచ్చే దాకా నాట్లు వేసింది.

ఖాళీగా ఉన్న రైల్వే స్థలంలో ఏదైనా ఫ్యాక్టరీ పెట్టమని ఈ ఊరివాళ్ళు ఎంతో కాలంగా అడుగుతున్నారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ మాట వినిపిస్తుంది. పెడితే అందులో ఆడపిల్లలకీ ఉద్యోగాలు రావాలన్నది నేను కలిసిన అందరి మాట. కాలం మారింది కదా! బొగ్గు ఇంజిన్ల రోజుల్లో ఆడది ఇంజిన్ ఎక్కుతుందంటే నవ్వేవారు. 1989లో అసిస్టెంట్ డ్రైవరుగా చేరిన మహారాష్ట్ర మహిళ సురేఖా యాదవ్ ముప్ఫయ్యారేళ్ళు రైళ్ళు నడిపి, 2025 సెప్టెంబరులో రిటైరయింది. ఇది చెబితే డ్రైవరుగారి భార్య కళ్ళు పెద్దవి చేసుకుని, "మరి ఆ పిల్లకి క్యారియర్ ఎవరు కట్టినారంటావు?" అని అడిగింది. ఏం చెప్పను!

ఆ ఒక్క కాగితం చూసుకోండి

షెడ్డు రిజిస్టర్లలో ఆడవాళ్ళ పేర్లు లేవు. వాళ్ళ పేరు ఉండే రైల్వే కాగితాల్లో అన్నిటికంటే ముఖ్యమైంది ఒకటే... భర్త పెన్షన్ పేమెంట్ ఆర్డర్, అదే పీపీవో. ఆ కాగితం ఎక్కడుందో ఎంతమందికి తెలుసని అడిగితే, సగం మంది "బీరువాలో ఉండొచ్చు" అన్నారు. ఒకామె తీసి చూపించింది. పేరు ఉంది కానీ ఆమె పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంది.

ఖాళీ గడే కదా అనుకోకండి. 2016 జనవరి 1 నుంచి ఫ్యామిలీ పెన్షన్ కనీసం నెలకి 9,000 రూపాయలు, దానిమీద కరువు భత్యం. వయసు 80 నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనంగా ఇస్తారు. 85కి 30 శాతం, 90కి 40, 95కి 50 శాతం. నూరేళ్ళు నిండితే నూటికి నూరు శాతం! మరి మీకు ఎనభై నిండాయని కాగితానికి ఎలా తెలుస్తుంది? పుట్టిన తేదీ ఉంటేనే కదా!

అందుకని ఈ నాలుగూ గుర్తు పెట్టుకోండి.

* పీపీవోలో మీ పేరు, ఆధార్‌లో మీ పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ఉండి ఒకచోట లేకపోయినా తర్వాత ఇబ్బందే. భర్త ఉండగానే సరిచేయించుకుంటే తేలిక.

* పుట్టిన తేదీ నమోదు కాకపోతే ఆధార్, పాన్ కార్డు, ఓటరు కార్డు లాంటి రుజువుతో దరఖాస్తు పెట్టుకోండి. బడికి వెళ్ళలేదు, సర్టిఫికెట్ లేదు అని ఊరుకోవద్దు.

* ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ మరిచిపోవద్దు. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ పద్ధతి ఉంది కాబట్టి ఎక్కడున్నా ఇవ్వవచ్చు.

* తల్లిదండ్రులు బతికుండగానే భర్తని కోల్పోయి లేదా విడాకులు పొంది, వాళ్ళ మీదే ఆధారపడ్డ కూతురికి ఆ తర్వాత ఫ్యామిలీ పెన్షన్ అడిగే హక్కు షరతుల మేరకు ఉంది. పెళ్ళికాని కూతురికీ ఉంది. అలాంటి ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఆమె వివరాలు ఇప్పుడే రాయించండి.

తట్ట మోసిన అవ్వకి వీటిలో ఏదీ వర్తించదు. ఆమెకి వచ్చేది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్. 2024 జూలైలో అది 4,000 అయింది. "ఇంటికొచ్చి ఇచ్చిపోతారమ్మా. అది చాల్లే" అంది. ఆమె ఎత్తిన బొగ్గుతో ఎన్ని మెయిళ్ళు మద్రాసు చేరాయో లెక్క వేసినవాళ్ళు లేరు.

షెడ్డు చరిత్ర రాసేవాళ్ళు ఇంజిన్ల సంగతి ఎలాగూ రాస్తారు. క్యారియర్ కట్టినవాళ్ళ సంగతి, పద్దు ఆపనివాళ్ళ సంగతి, ఉయ్యాల కట్టి పనికి దిగినవాళ్ళ సంగతి మన ఇళ్ళల్లోనే ఉంది. వాళ్ళలో చాలామందికి ఎనభై దాటాయి. మీ అమ్మనో అత్తగారినో ఈ ఆదివారం కూర్చోబెట్టి అడగండి, చెప్పింది చెప్పినట్టు ఒక నోటుబుక్కులో రాసుకోండి. అడిగేటప్పుడు పనిలో పనిగా ఆ పీపీవో కూడా బీరువాలోంచి బయటికి తీయండి!